బావ రాసిన స్లైడ్లు

నిన్న ఆదివారం సామర్లకోటలో మా అక్క ఇంటికి వెళ్ళి, బావ ముందు లాప్‌టాప్ పెట్టి, ఆయనే ఒకప్పుడు రాసిన కాంతి పాఠం తెరిచాను. బావకి మతిమరుపు జబ్బు బాగా ముదిరిపోయింది. తన పాఠం చూస్తేనైనా తనెవరో గుర్తొస్తుందేమో, దాంతోపాటు నేనూ గుర్తొస్తానేమో అని నెలల తరబడి ఈ పని చేస్తున్నాను. ఆశ ఎప్పుడో అడుగంటింది, అలవాటు మిగిలింది.

సుద్దముక్కతో బతికిన మన తరం మాస్టర్లకు, కాలేజీల్లోకి ప్రొజెక్టర్లు వచ్చిన కొత్తలో పడ్డ పాట్లు గుర్తుండే ఉంటాయి. పెద్దాపురంలో బావా నేనూ ఒకే జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాళ్ళం. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ని మోయలేక మా పాత కంప్యూటర్ చతికిలబడితే, ఎవరైనా వాడుకోగల, చేతనైనవాళ్ళు మార్చుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి బావ ఎక్కడినుంచో పట్టుకొచ్చాడు. మామూలు టెక్స్ట్ ఫైలులో ఉత్తరం రాసినట్టు రాసుకుపోతే చాలు, అదే స్లైడ్లు తయారుచేసేది. వరస ముందు ఒక గుర్తు పెడితే కొత్త స్లైడు మొదలయ్యేది. ఇంకో గుర్తు పెడితే ఆ వరస తెరమీదికి రాకుండా ఫైలులోనే ఉండిపోయేది.

ఆ తెరమీదికి రాని వరసల్లోనే బావ అసలు పనితనమంతా ఉండేది. అక్క మొగుడు గనక నన్ను ఆటపట్టించడం ఆయన జన్మహక్కు కదా, పాఠం మధ్యలో నాకోసం వేళాకోళాలు దూర్చి ఫైలు నా చేతికిచ్చేవాడు. ఒకసారి ఆ గుర్తు పెట్టడం మరిచిపోయాడు. నేను కటకాల గురించి గంభీరంగా చెబుతుంటే, “ఒరేయ్ బామ్మర్దీ, గొంతు పెంచరా, వెనక బెంచీ నిద్రపోతోంది” అని తెరమీద ప్రత్యక్షమైంది. క్లాసంతా పడీపడీ నవ్వింది. అప్పుడు తల కొట్టేసినట్టయింది గాని, సాయంత్రం అక్క వేసిన పకోడీలు తింటూ అందరికన్నా నేనే ఎక్కువ నవ్వాను.

ఎన్ని కంప్యూటర్లు మారినా, వట్టి అక్షరాలే గనక, ఆ ఫైళ్ళు ఇప్పటికీ ఎందులో పెట్టినా తెరుచుకుంటాయి. రాసిన మనిషి తెరుచుకోవడం లేదు. ఇంతకన్నా అన్యాయం ఏముంటుందో నాకు తెలియదు.

నిన్న మాత్రం నేను స్లైడ్లు మారుస్తుంటే ఆయన పెదవులు కదిలాయి. అక్క వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. అంతా చదివి బావ నావైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, “చాలా బాగా రాశారండి. మీదేవూరండీ?” అన్నాడు.

ఊరి పేరు చెప్పాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొత్తవాళ్ళకు మర్యాద చేయడంలో గోదావరి వాళ్ళని మించినవాళ్ళు లేరంటారు. ఆ మర్యాద బావ నాకు చేసే రోజొస్తుందని ఏనాడూ అనుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా నన్ను గారూ అంటే ఎంత పొంగిపోయేవాణ్ణో. ఇప్పుడు ఊరంతా అలాగే అంటోంది. నన్ను ఒరేయ్ బామ్మర్దీ అనేవాళ్ళు ఇక ఎవరూ లేరు.