గోడ అవతలి అడుగులు

జూన్ నెల మూడో ఆదివారం, ఉదయం. మణుగూరులో మా కాలనీ కమ్యూనిటీ హాలు.

హాజరైనవారు: నేను. నా కోడలు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న మనవరాలు, ఆమె జట్టులోని ముగ్గురు ఆడపిల్లలు. బొగ్గు గనిలో నాతో పనిచేసి రిటైరైన మిత్రుడు. పోటీ నడిపే అంపైరు. దమ్మపేట జట్టు కెప్టెన్, అతని కుర్రాళ్లు. గోడవారగా నిలబడ్డవాళ్లను లెక్కపెట్టలేదు.

ఆనాటి డైరీలో ఇంతే ఉంది. సంతోషంలో మిగతాది రాయలేదు.

అది ఫోన్లో ఆడే తుపాకుల ఆట. ముందురోజు సెమీఫైనల్లో మా మనవరాలు దమ్మపేట జట్టును దాదాపు ఒంటిచేత్తో ఓడించింది. వాళ్లు ఏ గోడ వెనక నక్కినా నేరుగా అక్కడికే వెళ్లింది. గోడ అవతలి మనుషులు కనపడేలా చేసే దొంగ సాఫ్ట్‌వేర్ వాడుతోందని కెప్టెన్ ఫిర్యాదు చేశాడు. అది నిజమని తేలితే ఖమ్మంలో జరిగే ఫైనల్ పోతుంది. అంతకంటే పెద్ద భయం, కాలనీలో దొంగ అన్న పేరు మిగిలిపోతుంది.

అంపైరు ఆమెకు తన సొంత ఫోన్ ఇచ్చి, కెప్టెన్‌తో ముఖాముఖి ఆడమన్నాడు. ఎవరైనా చెవిలో సలహాలు చెబుతారేమోనని ఇయర్‌ఫోన్లు వద్దన్నాడు. హాలంతా గోల. మా మిత్రుడికి గనిలో డ్రిల్లింగ్ మోతకు వినికిడి తగ్గింది. అందుకని అందరికంటే గట్టిగా "కొట్టు బిడ్డా, కొట్టు!" అని అరిచాడు. కన్నుమూసి తెరిచేలోగా మా పిల్ల ఓడిపోయింది.

"చూసిన్రా? హ్యాక్ తీసేస్తే గింతే!" అన్నాడు కెప్టెన్.

"ఆ ఫోన్ పక్కన పెట్టమని ఎన్నిమార్లు మొత్తుకున్న!" అని కోడలు తల పట్టుకుంది.

మనవరాలు నా వైపు తిరిగింది. "తాతా, ఏం వినపడ్తలేదు."

అప్పుడు అర్థమైంది నాకు. గనిలో పైకప్పును కడ్డీతో తట్టి చప్పుడు వినేవాళ్లం. బోలుగా మోగితే అక్కడ నిలబడకూడదు. ఆ అలవాటుతోనే ఇంట్లో పిల్లలకు ఒక ఆట పెట్టాను. క్వార్టర్ ముందు రాలిన టేకాకుల మీద ఎవరు నడిచి వస్తున్నారో గేటుకు వీపు పెట్టి కూర్చుని చెప్పాలి. అందులో ఈ పిల్లను ఎవరూ గెలవలేదు. ఫోన్ ఆటలోనూ అడుగుల చప్పుడు ఉంటుందని నాకేం తెలుసు?

నేను నోరు తెరిచేలోపే ఆమె అంపైరు ముందుకు వెళ్లింది. "సార్, నా కండ్లు కట్టున్రి. చెవులు మాత్రం నాకియ్యున్రి."

 అంపైరు నా కండువాతో ఆమె కళ్లు కట్టి, తన ఇయర్‌ఫోన్లు ఇచ్చాడు. ఆమె ఆడాల్సిన ఫోన్ తానే పట్టుకున్నాడు. కెప్టెన్ ఫోన్ గోడ మీది పెద్ద తెరకు కలిపారు. ఆటలోని అతని ఆటగాడు ఏం చేస్తున్నాడో అందరికీ కనపడుతోంది, ఆమెకు తప్ప. మా మిత్రుడు మళ్లీ అరవడం మొదలుపెడితే, "తాతా, జర ఊకో!" అంది.

"ఎడమ దిక్కు. మెట్లెక్కుతుండు."

తెర మీద అతను మెట్లు ఎక్కుతూనే ఉన్నాడు.

"ఇప్పుడు పాకుతుండు. ఆ... ఆగిండు."

కెప్టెన్ బొటనవేళ్లు ఫోన్ మీంచి ఎత్తేసి కదలకుండా కూర్చున్నాడు. ఎంతకీ కదలడే!

"ఏంది తమ్మీ, అన్నం తింటున్నవా?"

హాలు ఘొల్లుమంది. ఉక్రోషంతో కెప్టెన్ తన ఆటగాణ్ని పరుగు తీయించాడు. "నేనున్న గది తలుపు దగ్గరికొచ్చిండు" అంటూ ఆమె కండువా లాగేసి ఫోన్ అందుకుంది. తలుపు తెరుచుకునేసరికి ఆమె తుపాకీ అటే చూస్తోంది. కెప్టెన్ ఆటగాడు గడపలోనే కూలిపోయాడు.

హాలంతా పెట్టిన కేకలకు మా మిత్రుడు కూడా చెవులు మూసుకున్నాడు. హ్యాక్ ఏమీ లేదని, ఫిర్యాదు కొట్టేశానని అంపైరు మైకులో ప్రకటించాడు. కెప్టెన్ లేచి వచ్చి, "అక్కా, నేను చెవులల్ల దూది పెట్టుకొని ఆడుతున్ననా ఏంది ఇన్నాళ్లు!" అని చెయ్యి కలిపాడు. నేను ఈల వేశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వేసి ఎరుగను.

మర్నాడు పొద్దున్నే నలుగురు పిల్లలను ఖమ్మం బస్సెక్కించడానికి వెళ్లాం. మొన్నటిదాకా ఛార్జర్ దాచిపెట్టిన నా కోడలు పులిహోర డబ్బా పట్టుకుని అందరికంటే ముందు బస్సెక్కింది. "వీళ్లు ఫైనల్ ఆడబోతున్రు, జర ముందు సీట్లియ్యి తమ్మీ" అని కండక్టర్‌కు చెప్పింది.

"ఏం ఆటక్కా, కబడ్డీనా?"

"కాదు, ఫోన్ల తుపాకులాట!" అంది, బస్సంతా వినేటట్టు.