గోడ తట్టి పేరు చెప్పే గైడు

ఇప్పుడు రావడం లేదు గానీ, మన పెద్దలు ఓడెక్కి కూలికి వచ్చిన ఈ ఊళ్లో, పబేడాన్ పేటలో మా మేడ ముందు ప్రతి ఆదివారం ఒక గైడు వచ్చి నిలబడేవాడు. మన తెలుగువాడే, మింగళ తౌంగ్‌న్యున్ పేట మనిషి. పాత కట్టడాలు చూడాలని వచ్చినవాళ్లను వీధి వీధీ నడిపిస్తూ, మడిచిన గొడుగుతో గోడను రెండుసార్లు తట్టి, కట్టినవాడి పేరు చెప్పేవాడు. మా మేడ దగ్గర ఎప్పుడూ ఒక దొర పేరే. వింటే నాకు ఒళ్లు మండేది. ఆ గోడలకు సున్నం మోసింది మా తాత.

ఒక ఆదివారం కూర తరగడం ఆపి కిందికి దిగాను.

"ఏటి తమ్ముడా, దొర తట్ట మోసాడేటి? మోసింది మా తాత. ఒక్కపాలి అతని పేరు సెప్పు."

కోప్పడతాడనుకున్నాను. గొడుగు చంకలో పెట్టి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, అక్కని పిలిచినట్టు 'అప్పా' అన్నాడు.

"కాగితాల్లో దొరల పేర్లే ఉన్నాయప్పా. మనోళ్ల పేర్లు అడిగితే ఒక్కరూ సెప్పనేదు. రాసుకుంటాను, పేరేటి?"

తాతకి ఏ భుజం మీద కాయ కాచిందో చెప్పగలను. ఏ చుట్ట కాల్చేవాడో చెప్పగలను. మొగుడి పేరు పలకకూడదని అమ్మమ్మ బతికినన్నాళ్లూ 'ఆయన' అనే అంది. అమ్మకి అయ్య, నాకు తాత. చెప్పగలిగినవాళ్లంతా పోయారు.

అతను 'తాత' అని రాసి, పక్కన చోటు వదిలాడు.

"గుర్తొస్తే సెప్పప్పా."

గుర్తు రావడానికి, ఆ పేరు నేనెప్పుడూ విననే లేదు.