నాలుగు చిల్లుల చార్టు

పోయిన ఆదివారం తార్నాకలో పిన్ని ఇంట్లో వంటింటి అలమర దులిపాము. దులపడం ఆవిడ పని. పై అరలోంచి ఇత్తడి గిన్నెలు దించడం నా పని, ఎందుకంటే మా వాళ్లలో స్టూలు అవసరం లేనిది నాకొక్కడికే. గిన్నెలన్నీ దించాక అర అడుగున పరిచిన కాగితం బయటపడింది. పాత గోడ క్యాలెండరు పేజీ, వెనక్కి తిప్పి పరిచింది. దాని మీద నీలం స్కెచ్ పెన్నుతో ఉన్న దస్తూరి నాదే. నూనె గిన్నె వదిలిన గుండ్రటి మరక సరిగ్గా మధ్యలో పదిహేడో నంబరు, ‘ముక్కు కారుట’. ఆ కాగితంలో నాలుగు చోట్ల, కత్తెరతో తీరుగా కోసిన సన్నటి పొడుగాటి చిల్లులున్నాయి. చిల్లుల్లోంచి అలమర చెక్క కనిపిస్తోంది. పిన్ని తడిగుడ్డ పట్టుకుని నా పక్కకు వచ్చి నిలబడి, కాగితం చూసి, నా మొహం చూసి, గుడ్డ పిండుకుంది.

మాది అనంతపురం వైపు. ఎం.టెక్ చదివిన రెండేళ్లూ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. బాబాయికి ముషీరాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం. పిన్నిది నేను చదివే క్యాంపస్‌లోనే, ఒక సైన్సు డిపార్ట్‌మెంటు ల్యాబులో. పద్నాలుగేళ్లుగా తాత్కాలిక ఉద్యోగే. కాగితం మీద ఆవిడ పని గాజుసామాను కడగడం. కాగితం బయట మాత్రం ద్రావణాలు కలిపేది ఆవిడ, మిషన్లకు ఏ శబ్దం వస్తే ఏ జబ్బో చెప్పేది ఆవిడ, కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులకు చేతులు వణక్కుండా ద్రావణం కొలిచే పిపెట్ గొట్టం పట్టుకోవడం నేర్పేది కూడా ఆవిడే. ఉదయం ఉగ్గాని తాలింపు వాసనతో గేటు దాటి వెళ్లి, సాయంత్రం ఏదో రసాయనం వాసనతో తిరిగి వచ్చేది. ఈ రెండు వాసనలూ కలిసిన చీర కొంగే నాకు ఆ రెండేళ్ల గుర్తు.

నా రెండో సంవత్సరంలో ఆ ల్యాబులో ఒక పర్మనెంటు టెక్నీషియన్ పోస్టు పడింది. లోపల పనిచేస్తున్నవాళ్లకే అవకాశం. పిన్నితో కలిపి పోటీలో ముగ్గురు. వయసు నిబంధన ప్రకారం ఆవిడకు ఇదే చివరిసారి. పరీక్షలో రెండు భాగాలు. ఒక ప్రయోగం ఎలా చేస్తారో ఇంగ్లీషులో రాయాలి, తర్వాత దాన్ని బయటి రాష్ట్రం నుంచి వచ్చే పరీక్షకుడి ముందు చేసి చూపిస్తూ ఇంగ్లీషులోనే వివరించాలి. ఆవిడ పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు చదవగలదు, మాట్లాడమంటే మాత్రం మంచినీళ్లు తాగి వస్తానని లేచి వెళ్లిపోయేది. “నాకు రాదు అన్లేదు గదా. ఇంగా రాలేదు అంటాండా. నువ్వు చెప్పు, నేను నేర్చుకుంటా,” అంది. అప్పటికే కొత్త నోటుబుక్కు కొని అట్ట వేసేసింది.

నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. ముందు ఆవిడ ల్యాబు మాన్యువల్ తెప్పించి, ఏ మాట ఎక్కువసార్లు వస్తోందో పెన్సిలుతో గీతలు పెట్టి లెక్కేశాను. ‘రన్’ గెలిచింది. మిషన్ రన్ అవుతుంది, శాంపిల్ రన్ చేస్తారు, నీళ్లు రన్ చేయాలి, ద్రావణం రన్ అవుట్ అవుతుంది. ఈ ఒక్క మాట లొంగితే సగం మాన్యువల్ లొంగినట్టే అని నా సిద్ధాంతం. అక్కడితో ఆగి ఉంటే నేను మంచి గురువునే. ఆగకుండా లైబ్రరీకి వెళ్లి, రెండు చేతులతో ఎత్తాల్సిన నిఘంటువు తెరిచాను. ఆ మాటకు అందులో పేజీలకు పేజీలున్నాయి. మా చదువులో పట్టిక అసంపూర్ణంగా వదిలితే నిద్ర పట్టదు. ముప్పై నాలుగు అర్థాలు ఏరి, ఒక్కోదానికి ఒక ఇంగ్లీషు వాక్యం, పక్కన తెలుగు రాసి, పొయ్యి పక్క గోడకు అంటించాను.

పిన్ని దోసె తిప్పుతూ చార్టు పైనుంచి కిందికి చదివింది. “ముక్కు కారేదానికీ, మిషన్ తిరిగేదానికీ, అంగడి నడిపేదానికీ, ఎలక్షన్లో నిలబడేదానికీ అంతా ఒకే మాటనా? వాళ్లకు మాటలు కరువొచ్చినాయేమిరా?”

పేపర్ చదువుతున్న బాబాయి తల ఎత్తకుండా, “పద్నాలుగేళ్లుగా నువ్వు చేసే పనులన్నిటికీ కలిపి ‘కడగడం’ అని ఒకే మాట రాయలేదా మీ ఆఫీసులో? అట్లే ఇదీ,” అన్నాడు. బాబాయి నెలకొకసారి ఇలాంటి మాట ఒకటి అనేవాడు.

నెల రోజులు ఉదయం ఐదున్నరకు పాఠం జరిగింది. నేను నంబరు చెప్పాలి, ఆవిడ వాక్యం చెప్పాలి. మూడో వారానికి ముప్పై నాలుగూ తడుముకోకుండా వచ్చేశాయి. సీతాఫల్‌మండి స్టేషన్లో రైలు కూత వినిపించినా “ఇరవై రెండు, ద ట్రైన్ ఈజ్ రన్నింగ్ లేట్,” అనేది. నేను గర్వంతో పొంగిపోయాను.

పరీక్షకు పది రోజుల ముందు డిపార్ట్‌మెంటులో ఒక నమూనా పరీక్ష పెట్టారు. జెల్ ప్రయోగం ఎలా చేస్తారో రాయమన్నారు. జెల్ అంటే జున్నుముక్కలా మెత్తగా ఉండే పలక. దాని గుంటల్లో శాంపిల్ పోసి కరెంటు పెడితే, అందులో కలిసిపోయి ఉన్నవన్నీ విడివిడి చారలుగా జరుగుతాయి. జెల్ రన్ చేయడం అంటే అదే. పిన్ని మొదటి పేజీలో మొత్తం తప్పు లేకుండా రాసింది. కానీ మనవాళ్ల పరీక్షల అలవాటు ఒకటుంది కదా. తెల్లకాగితం ఖాళీగా వదలకూడదు, అడిషనల్ షీట్లు ఎన్ని దారంతో కడితే అన్ని మార్కులు. వచ్చినదంతా రాసెయ్, దిద్దేవాడే ఏరుకుంటాడు. ఆ నమ్మకంతోనే నేను ఇంజనీరింగు పాసయ్యాను కాబట్టి, ఆవిడకు ఆ సలహా ఇచ్చింది కూడా నేనే. పిన్ని మిగిలిన ఏడు పేజీల్లో నా ముప్పై నాలుగు వాక్యాలూ వరసగా రాసి వచ్చింది.

సాయంత్రం పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. మొదటి పేజీకి మంచి మార్కులు వేసి, తర్వాత అన్నీ కొట్టేసి, ఆఖర్న ఎర్రసిరాతో, దిద్దిన సారు ఇంగ్లీషులో ఒక ప్రశ్న రాశారు. ‘మీ ముక్కు సంగతి ఎవరడిగారు?’ అది అందరి ముందూ పైకి చదివారట. పోటీలో ఉన్న ఇద్దరూ నవ్వారట. పిన్ని బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది, చేతులు తుడుచుకుంది, గోడ మీది చార్టు ఊడదీసి నేల మీద పరిచి కత్తెర తెచ్చింది. వాక్యాలు ఒక్కొక్కటే వేలితో తోస్తూ పోయి, నాలుగు చోట్ల ఆగి, ఆ నాలుగింటిని కోసుకుంది.

“తక్కినవి?” అన్నాను. ముప్పై వాక్యాలు గాలికి పోతున్నాయని నా బాధ.

“తక్కినవి నీవి రా. నా ల్యాబులో ఉండేవి ఈ నాలుగే. చేతికి తెలిసిన పనికి నోరు ఎంత కావల్లో అంతే కావల్లప్పా.”

ఆ నాలుగు ముక్కలనూ తెల్లకోటు జేబులో పెట్టుకుంది. మిగిలిన పది రోజులూ పాఠం వంటింట్లో కాదు, ల్యాబులో జరిగింది. నా క్లాసులు అయ్యాక వెళ్లేవాణ్ణి. ఆవిడ చేతులతో పని చేస్తూ, ఆ పనికి సరిపడా మాట నోటితో అనేది. నేను స్టూలు మీద కూర్చుని, తప్పుంటే చెప్పేవాణ్ణి. చివరి రెండు రోజులూ నాకు చెప్పడానికేమీ మిగల్లేదు.

అసలు పరీక్ష రోజు నేను ఆ గదిలో లేను. ఉన్నది అక్కడి అటెండరన్న. జనగామ పక్క పల్లెటూరాయన, పిన్నిని ‘చెల్లె’ అంటాడు. కారిడార్లో నన్ను పట్టుకుని ఆయన చెప్పిందే నాకు తెలిసింది.

“తమ్మీ, గా బయటి సారుకు రైలు టైమైతున్నది. గడియారం గంట గంటకు కాదు, నిమిషం నిమిషానికి చూస్తుండు. ముగ్గురు జెల్లు పెట్టిన్రు. ఇరవై నిమిషాలు కాంగనే స్టాప్, స్టాప్ అన్నడు. గా ఇద్దరు టక్కున బంద్ జేసిన్రు. మీ పిన్ని జెయ్యలే! చెయ్యి అడ్డం పెట్టింది. ‘నో సార్. ఇట్ ఈజ్ రన్నింగ్. ట్వెంటీ మినిట్స్ మోర్. ప్లీజ్ సిట్’ అన్నది. నాకైతే పానం పోయింది. పెద్ద సారును కూసోమన్నది గదా!”

“కూర్చున్నాడా?”

“కూసోక ఏం జేస్తడు? కుర్సీ ఏసింది నేనేనాయె.”

ఆపేసిన ఇద్దరి పలకల మీద చారలు ఒకదాని మీద ఒకటి అలికినట్టు కలిసిపోయే ఉన్నాయట. పిన్ని పలక మీద దువ్వెన పళ్లలా విడివిడిగా దిగాయి. పరీక్షకుడు దాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసి, రైలు సంగతి మరిచిపోయాడని అటెండరన్న అంటాడు. అది ఆయన కలిపిందే కావచ్చు. ఉద్యోగం పిన్నికే వచ్చింది. అది మాత్రం ఎవరూ కలిపింది కాదు.

ఇప్పుడు నేను గచ్చిబౌలిలో ప్రోగ్రాములు రాస్తాను. రోజుకు వందసార్లు రన్ బటన్ నొక్కుతాను, పూర్తి కాకముందే ఆపేసి మళ్లీ నొక్కుతాను. మొన్న ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకోబోతే పిన్ని లాక్కుని, దులిపి, మళ్లీ అదే అరలో పరిచింది. గిన్నెలు ఒక్కొక్కటే పైకి అందించాను. నేను పట్టుబట్టి పోగేసిన ముప్పై అర్థాలూ ఇన్నేళ్లుగా గిన్నెల బరువు మోస్తున్నాయి. ఆవిడ కోసుకున్న నాలుగు మాత్రమే తెల్లకోటు జేబులో ఆవిడతో పాటు బయటికి నడిచాయి.