మూఢంలో అచ్చయిన వీరుడు

ఇరవయ్యేళ్ళ వయసులో లోకమంతా మనకి అన్యాయం చెయ్యడానికే పొద్దున్నే నిద్ర లేస్తుందనిపిస్తుంది. నా విషయంలో అలా లేచినవారు ప్రెస్సు బాబాయిగారు. తొంభైల్లో అమలాపురంలో డిగ్రీ చదువుతూ (అని మా ఇంట్లో నమ్మకం) నేనొక జానపద నవల రాశాను. తెల్లగుర్రం మీద ఒక వీరుడు సముద్రాలూ అడవులూ దాటి (కొండలు పెట్టలేదు, కోనసీమవాణ్ణి, ఎప్పుడూ ఎక్కలేదు), రాక్షసుణ్ణి చంపి, రాకుమారిని కోట గుమ్మంలో దింపి, పెళ్ళీ రాజ్యమూ వద్దని ఒంటరిగా వెళ్ళిపోతాడు. ఆ వెళ్ళిపోవడం కోసమే మిగతాదంతా రాశాను.

బాబాయిగారిది శుభలేఖల ప్రెస్సు. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగితే పనుండదు కనక, ఆ రోజుల్లో నా నవల వేసిపెడతానన్నారు. మూఢం ఆఖరి రోజున వెళితే కట్ట చేతిలో పెట్టారు. ప్రతి పుస్తకానికీ నాలుగు మూలలా పసుపు! "చెయ్యి అలవాటండి" అన్నారు. సరే కదా అని చివరి పేజీ తిప్పాను. నా వీరుడు బాసికం కట్టుకుని పెళ్ళిపందిట్లో కూర్చుని ఉన్నాడు.

"బాబాయిగారూ! వీడు వెళ్ళిపోవాలి కదండీ?"

"ఆయ్. మీ పిన్నిగారు వెళ్ళనివ్వలేదండి. అక్షరాలు పేరుస్తా చదివి వినిపించేను. అంత దూరం నించి తెచ్చిన పిల్లని గుమ్మంలో దింపేసి పోతాడా, ఇతగాడికి అప్పచెల్లెళ్ళు లేరా అని పొయ్యి వెలిగించనందండి."

"పొయ్యి కోసం కథ మార్చేస్తారా?"

"మీకేవండి, మీరు మీ ఇంట్లో తింటారు."

లోపలినుంచి పిన్నిగారు అందుకున్నారు. "మరేటి బాబూ! అన్నేసి రోజులు పరిగెట్టించేవు, ఆ గుర్రానికి గుప్పెడు ఉలవలైనా పెట్టేవా? నేను పెట్టించేను."

నాకు ఒళ్ళు మండిపోయింది. అచ్చుకెక్కించమని అప్పగిస్తే పీటలెక్కిస్తారా! ఆ పేజీ చింపి మళ్ళీ వెయ్యండన్నాను. బాబాయిగారు తాపీగా టైపు తుడుచుకుంటూ, "రేపణ్ణించి కార్డుల పనండి. వచ్చే మూఢంలో విడదీసేద్దారండి" అన్నారు.

"ముందు కాళ్ళు కడుక్కో బాబూ, పనసపొట్టు కూర చేసేను" అంటూ పిన్నిగారు విస్తరి వేశారు. ఆవపెట్టిన ఘాటు ముక్కుదాకా వచ్చింది. మీ ఇంట మెతుకు ముట్టనని కట్ట సైకిలుకి కట్టుకుని బయల్దేరాను. మధ్యాహ్నం ఎండ, కాలవ గట్టు, ఎదురుగాలి. తరవాత పుస్తకం చదివిన నలుగురూ చివరి పేజీ మహా బాగుందన్నారు, అదింకో అన్యాయం.

ఇప్పటికీ ఆ పేజీ చూస్తే కోపమొస్తుంది. కానీ ఎవరి మీదో సరిగ్గా తేలదు. పిన్నిగారు విస్తరి వేసి ఆపుతున్నా వినకుండా వెళ్ళిపోయినవాడు చివరికి నేనొక్కణ్ణే. ఆ ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఇప్పుడు కనిపిస్తే సైకిలు హ్యాండిలు పట్టుకుని ఆపి, "వెనక్కి పోయి తినిరారా, కూర చల్లారిపోతుంది" అందామని ఉంటుంది. వాడు వినడు.