రాయిని గెలిపించిన మామ్మ

మా పక్కింటి మామ్మ పోయిన మంగళవారం కన్నుమూశారు. పొద్దున్నే వాళ్లబ్బాయి తలుపు తట్టి చెప్పాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. ఏడుపు ఆగలేదు. అయినా గెలిచి వెళ్లిన మనిషి గురించి ఏడుస్తూ రాయకూడదు.

ఆవిడది ఐర్లండ్. కాలిఫోర్నియాలోని మా డబ్లిన్‌కి కాపురానికొచ్చి, బళ్లో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యారు. మా అమ్మాయి 'మామ్మ' అని పిలవడంతో వీధిలోని తెలుగువాళ్లందరికీ మామ్మే అయ్యారు. సాయంత్రం నడకలో ఆయాసమొస్తే మలుపులోని పెద్ద బండరాయి మీద చతికిలపడేవారు. నేను ఫ్లాస్కులో అల్లం టీ తెచ్చేదాన్ని. చక్కెర మరీ పిసినారిగా వేస్తానని దెప్పేవారు.

ఆ రాయి మీదే మాకు పాఠాలు. వాళ్ల దేశంలో ఊరి పేరు 'క్లోహ్' అని మొదలైతే అక్కడ రాయి ఉన్నట్టు. 'క్యారిక్' అంటే బండ. 'కార్న్' అంటే రాళ్ల కుప్ప. పోయినవాళ్ల కోసం పేర్చిన కుప్పలో దారినపోయేవాళ్లు కూడా తలో రాయీ వేసేవారట. మాది గుండ్లపల్లి, గుండ్లంటే ఇలాంటి రాళ్లేనని చెప్తే చుట్టం దొరికినంత సంబరపడ్డారు. "మనుషులు మర్చిపోతారు, ఊళ్లు మర్చిపోవు" అనేవారు.

పోయినేడు మా హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ఆ రాయిని తీసేస్తామంది. మలుపు తిరిగే కార్లకు ఎదురుగా వచ్చేవి కనపడటం లేదట. మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నాం మేం. వీసాల మీద బతికేవాళ్లకు నోరు తొందరగా లేవదు. మామ్మ ఇంటింటికీ తిరిగి, మాట్లాడేది తనేనని, వచ్చి కూర్చుంటే చాలని అందర్నీ మీటింగ్‌కి లాక్కెళ్లారు.

అక్కడ కర్ర ఊతంతో లేచి నిలబడ్డారు. ఆవిడ పుట్టిన ఊరి పేరు కూడా క్లోహ్‌తోనే మొదలవుతుందట. ఆ ఊరి రాయిని మాత్రం ఎప్పుడో రోడ్డు కోసం పగలగొట్టేశారట.

"మా ఊళ్లో రాయి పోయినా పేరు మిగిలింది. దీనికింకా పేరే పెట్టలేదు. తీసేస్తే ఏం మిగులుతుంది?" అన్నారు.

అప్పుడు, ఇంట్లో కూడా పెద్దగా మాట్లాడని మా ఆయన లేచి, మలుపులో ఒక అద్దం పెడితే సరిపోతుందన్నాడు. ఓటింగ్‌లో గెలిచాం. మామ్మ గెలిచిన దర్జాతో రోడ్డు మధ్యలోంచే నడిచివెళ్లి, రాయెక్కి కూర్చుని, పేరు పెట్టమని మా అమ్మాయికి చెప్పారు. అది క్షణం ఆలోచించకుండా 'మామ్మ రాక్' అంది. మా ఆయన ఆ పేరును ఫోన్ మ్యాప్‌లో కూడా ఎక్కించాడు. ఆ రోజు టీలో చక్కెర గుమ్మరించాను.

అంత్యక్రియల నుంచి రాగానే మా అమ్మాయి ఆ రాయి పక్కన ఒక గులకరాయి పెట్టి వచ్చింది.

"అమ్మా, మామ్మకి కార్న్ స్టార్ట్ చేశా" అంది.

రెండ్రోజుల్లో వీధి వీధంతా తలో రాయీ వేసింది. నిన్న పిజ్జా తెచ్చినాయన ఫోన్ చేసి, మామ్మ రాక్ దగ్గరున్నాను, ఎటు తిరగాలని అడిగాడు. ఆయనెవరో మాకు తెలియదు, మామ్మెవరో ఆయనకు తెలియదు. దారి చెప్తూ కిటికీలోంచి చూశాను. కారు దిగి, కాళ్ల దగ్గరి రాయొకటి తీసి, కుప్ప మీద పెట్టి, మా ఇంటివైపు తిరిగాడు.