పప్పు తింటే చీము

ఛీ, ఆ వాసన! ఆస్పత్రి మందుల ఘాటు కింద దాక్కున్న కుళ్ళు వాసన. ఎదుటివాళ్ళదైతే ముక్కు మూసుకుని అవతలికి పోవచ్చు. అది నా కడుపులోంచే వస్తుంటే ఎక్కడికి పోను?

అపెండిక్స్ లోపలే పగిలిపోతే పంజాగుట్టలోని ఒక నర్సింగ్ హోమ్‌లో బొడ్డు పైనుంచి కిందిదాకా కోసి కడిగారు. అప్పట్లో నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేవాణ్ణి. డిగ్రీ అయిన ప్రతివాడూ బ్యాగు భుజాన వేసుకుని అమీర్‌పేటలో దిగుతున్న రోజులవి. ఇంటికొచ్చిన ఆరో రోజు బనీను తడిగా తగిలింది. ఎత్తి చూస్తే కింది కుట్ల దగ్గర చీము. డాక్టరు నాలుగు కుట్లు విప్పేసి, పుండు తెరిచే ఉంచాలనీ, లోపల్నుంచి కండ పెరిగి పూడాలనీ అన్నారు. మూడు వారాల్లో పూడకపోతే మళ్ళీ కొయ్యాల్సిందేనట. మొదటిసారి నొప్పితో ఒళ్ళు తెలియని స్థితిలో బల్ల ఎక్కాను. ఈసారి అన్నీ తెలిసి ఎక్కాలి.

అమ్మ తెనాలి నుంచి దిగింది. వస్తూనే నా వంటింట్లోని కందిపప్పు డబ్బా తీసి అటకెక్కించింది. కోత పడ్డ మనిషి పప్పు తింటే చీము పడుతుందని మావాళ్ళందరి నమ్మకం. గుడ్డు వద్దు, పెరుగు వద్దు, వంకాయ మాటే ఎత్తకూడదు. రెండు పూటలా పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, ఉప్పూ నూనే లేని బీరకాయ. నాలుగో రోజుకి నోరు చచ్చిపోయింది. పదో రోజుకి కంచం చూస్తూనే పక్కకి నెట్టేసేవాణ్ణి. పైగా మా గదికి సరిగ్గా కింద కుర్రాళ్ళ హాస్టలు మెస్సు. పదకొండు కాకముందే పప్పులో ఇంగువ తాలింపు పడేది, ఆ వాసన కిటికీలోంచి నేరుగా నా మంచం మీదికి వచ్చేది.

రోజూ పొద్దున్నే కట్టు మార్చడానికి నర్సింగ్ హోమ్ నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. యూసుఫ్‌గూడ మనిషి, అందరికీ భాయ్. ఆయన నా పుండులో కుక్కిన తడి గుడ్డని మూరల కొద్దీ లాగుతుంటే నేను గోడవైపు తిరిగేవాణ్ణి, అమ్మ వంటింట్లోకి పోయేది.

"ఏం తింటున్నవ్ అన్నా?" అని అడిగాడొకరోజు. చెప్పాను.

"అరె, ఉత్త కారంతోని కండ ఎట్ల పెరుగుతది? దాల్ తిను, అండా తిను. అమ్మా, జర పెట్టుండ్రి, ఏం ఫికర్ లేదు."

"అలాగే బాబూ," అంది అమ్మ. ఆయన మెట్లు దిగగానే, "ఆయనకేం, చెప్పి పోతాడు. మళ్ళీ కోస్తే పడేది నువ్వు," అని బీరకాయ తరగడానికి కూర్చుంది. ఒళ్ళు మండిపోయింది నాకు.

రెండు వారాలు గడిచాయి. పుండు రవ్వంత కూడా పూడలేదు. ఆ రోజు అమ్మ కూరగాయలకి ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్ళింది. పొట్ట రెండు చేతులా పట్టుకుని, గోడకి ఆనుకుంటూ మెట్లు దిగి మెస్సులో కూలబడ్డాను. వేడన్నంలో పప్పు కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నానో లేదో, గుమ్మంలో సంచీతో అమ్మ. తిడుతుందనుకున్నాను. చెయ్యి కడిగించి, పట్టుకుని పైకి తీసుకొచ్చింది.

మర్నాడు పొద్దున లేచేసరికి కట్టు తడిసి, దుప్పటికి కూడా అంటుకుంది. ఎప్పటికన్నా రెట్టింపు చీము. సాక్ష్యం లేకుండా దేన్నీ తప్పనకూడదని రోజూ వందమందికి పాఠం చెప్పే నాకు మొదట తోచిందేమిటో తెలుసా? పప్పు తిన్నందుకే! నా మీద నాకే రోత పుట్టింది.

అమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుండిపోయింది.

"నా బుద్ధే వచ్చిందిరా నీకు," అంది.

"ఏ బుద్ధి?"

"నిన్ను పొట్ట కోసే తీశారు. పదో రోజున ఆకలికి ఆగలేక, ఎవరూ చూడకుండా ఒక ముద్ద పప్పన్నం తిన్నాను. మర్నాటికి చీము పట్టింది. ఆర్నెల్లు మంచంలోనే ఉన్నాను. నిన్ను ఎత్తుకోలేదు, పాలివ్వలేదు. కక్కుర్తితో పిల్లాడి కడుపు మాడ్చిందని మీ నానమ్మ వీధి వీధంతా చెప్పింది. నిజమే కదరా."

అప్పుడే భాయ్ వచ్చాడు. ఈసారి అమ్మ వంటింట్లోకి పోలేదు. ఆయన కట్టు విప్పి, పుండు కడిగి, టేబుల్ లైటు దగ్గరికి లాక్కుని వంగి చూశాడు. పట్టకారు లోపలికి పెట్టి మెల్లగా లాగాడు. ప్రాణం పోయినంత పనైంది. పట్టకారు కొసన ముడితో సహా ఒక నల్లటి దారం ముక్క.

"గిదే అన్నా! లోపలి కుట్టు దారం. ఒంటికి పడలే. ఇన్ని దినాలు చీము పట్టించింది గిదే. ఇగ జల్ది మానుతది, చూడు."

"మరి నిన్న వీడు పప్పు తిన్నాడు బాబూ," అంది అమ్మ.

"పప్పు ఏం చేస్తదమ్మా? పప్పు కడుపులకు పోతది, గీ పుండులకు పోతదా?"

ఆయన ఆ ముక్కని పళ్ళెంలో పడేశాడు. అమ్మ దాన్నే చూస్తోంది.

"ముప్పై ఏళ్ళ కిందట కూడా దారంతోనే కుట్టేవాళ్ళా?"

"ఇంకెట్ల కుడ్తరమ్మా?" అని భాయ్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

అమ్మ చీమూ నెత్తురూ అని చూడకుండా ఆ దారం తీసి అరచేతిలో పెట్టుకుంది. ఛీ, పారెయ్యమ్మా అన్నాను. వినలేదు.

"మీ నానమ్మ బతికుంటే బాగుండేదిరా," అంది. "చూపించేదాన్ని."