గీతల టీచరు చెప్పని జవాబు

గీతల టీచరు ముసలి అత్తగారిని ఇంట్లోంచి గెంటేసిందని మా వీధిలో పుకారు పుట్టింది. పుట్టిన పుకారు కాళ్లు ముడుచుకుని కూర్చోదు కదా. ఇస్త్రీ బండి దగ్గర "గెంటేసింది" అన్నది మందుల షాపు దగ్గరికి వచ్చేసరికి "సామాన్లు రోడ్డు మీదకి విసిరేసింది" అయింది. సందు మలుపు తిరిగి నా గుమ్మం ఎక్కేసరికి ఆ ముసలావిడ కాలు విరిగి ఆసుపత్రిలో మంచం మీద ఉంది. ఇంకో సందు ఉంటే పాపం చంపేసేవాళ్లే.

ఆ ముసలావిడ ఇల్లు వదిలిన రోజు ఆ గదిలో ఉన్నది నలుగురం. అందులో నేనొకదాన్ని. కళ్లారా చూసినదాన్ని నేను నోరు మూసుకుని కూర్చుంటే, గోడ అవతలివాళ్లు కథలు చెప్పడమా? అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

టీచరంటే బడి టీచరు కాదు. ఉద్యోగాల కోసం పోటీ పరీక్షలు రాసే పిల్లలకి రీజనింగ్ చెబుతుంది. టైర్ల దుకాణం పక్కనున్న ఇనుప మెట్లెక్కితే పైన పొడుగాటి గది. అందులో బల్లలు, రెక్క వంగిన ఫ్యాను, నల్లబోర్డు. కింద గాలి కొట్టే మిషను మోగినప్పుడల్లా ఆవిడ ఆగిపోతుంది. అది ఆగాక, ఆపిన మాట దగ్గర్నుంచే మళ్లీ అందుకుంటుంది. మోచేతుల దాకా సుద్దపొడి. ఎవరికి ఎవరు ఏమవుతారన్న లెక్కలు చెప్పడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. బోర్డు మీద మనుషుల్ని గుర్తులుగా వేసి మధ్యలో గీతలు గీస్తుంది. మొగుడూ పెళ్లాలకి జంట గీత, తోబుట్టువులకి ఒంటి గీత, కన్నవాళ్ల నుంచి పిల్లలకి కిందకి గీత. ఆ పేరు అలా వచ్చింది.

ఒకసారి ఆవిడ ఇంట్లో మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి ఆ మెట్లెక్కాను. ఇచ్చేసి దిగిపోవచ్చు. దిగబుద్ధి కాలేదు. వెనక బల్ల మీద సర్దుకుని కూర్చున్నాను. బోర్డు మీద "రక్త సంబంధాలు" అని రాసి ఉంది. రక్తం ఇచ్చే శిబిరం ఏమైనా పెట్టారా అని పక్కనున్న పిల్లని అడిగితే, "పాఠం పేరు పెద్దమ్మా" అని నవ్వింది. మా వీధికంతటికీ నేను పెద్దమ్మనే.

టీచరు మగాళ్లకి కూడిక గుర్తు, ఆడాళ్లకి తీసివేత గుర్తు వేస్తోంది. నేనూరుకుంటానా?

"అదేంటమ్మా, మేం తీసివేతలమా?"

"పుస్తకాల్లో అలాగే ఉంది పెద్దమ్మగారూ. పోనీ సున్నా చుట్టనా?"

"సున్నా కంటే తీసివేతే నయం. కానియ్."

పిల్లలు ఘొల్లుమన్నారు. అప్పుడావిడ లెక్క చదివింది. ఒకావిడ ఒక కుర్రాడి ఫొటో చూపించి, "వీడి తల్లి మా అత్తగారికి ఒక్కగానొక్క కూతురు" అందట. ఆ కుర్రాడికి ఆవిడ ఏమవుతుంది?

పిల్లలు ఇంకా గీతలు గీస్తూనే ఉన్నారు. నేను వెనకనుంచే అరిచాను. "ఆడపడుచు కొడుకు! అల్లుడి వరస!"

"వరస బాగా పట్టారు, మార్కు మాత్రం పోయింది" అంది టీచరు. "అతను ఆవిడకి ఏమవుతాడని కాదు, ఆవిడ అతనికి ఏమవుతుందని అడిగారు. అత్త అవుతుంది." తర్వాత పిల్లల వైపు తిరిగింది. "అందరూ పడేది ఇక్కడే. లెక్క వచ్చినవాళ్లు కూడా పడతారు. మనం ఎప్పుడూ మన వైపు నుంచే చూస్తాం. ప్రశ్న ఎవరి వైపు నుంచి అడిగారో ముందు అది చూసుకోండి."

"ఇంతకీ ఆ ఆడపడుచు మంచిదేనా?" అన్నాను నేను.

"అది సిలబస్‌లో లేదు పెద్దమ్మగారూ."

సిలబస్‌లో లేని లెక్క ఆవిడ ఇంట్లోనే ఉంది. మా ఇల్లూ వాళ్లిల్లూ ఒకే గోడ. కోడలుగా అడుగుపెట్టిన రోజు నుంచి నేనెరుగుదును. మొగుడు మిషన్ల విడిభాగాలు అమ్ముతూ ఊళ్లు తిరిగేవాడు. అత్తగారు బట్టలు కుట్టేది. నాకూ ఆవిడకీ ఒకే వయసు, వదినా అంటే వదినా అనుకునేవాళ్లం. ఈ పిల్లకి సర్కారు ఉద్యోగం మీద మనసు. కనపడిన పరీక్షల్లా రాసేది, చివరిదాకా వెళ్లేది, చివరి జాబితాలో పేరు ఉండేది కాదు. ఈ పిల్ల పుస్తకం పట్టుకుంటే అత్తగారు మిషను వదిలేసి చేతికుట్టు పట్టుకునేది.

"ఏం వదినా, మిషను అలిగిందా?" అని అడిగితే, "పిల్ల గీతలు గీసుకుంటోంది. ఇది మోగితే వంకర పోతాయి" అనేది గొంతు తగ్గించి.

పరీక్షలు రాసే వయసు దాటిపోయింది. తనకి రాని ఉద్యోగాలకి పిల్లల్ని తయారు చెయ్యడం మొదలుపెట్టింది. వాళ్లకి వచ్చాయి. ఉద్యోగం వచ్చిన ప్రతివాడూ మిఠాయి పట్టుకుని ఆ ఇంటికి వచ్చేవాడు. ముందు ముసలావిడ తిని, బాగుందంటేనే టీచరు తినేది.

మొగుడికి వేరే ఊళ్లో వేరే మనిషి దొరికింది. వెళ్లినవాడు వెళ్లినట్టే ఉండిపోయాడు, వెనక విడాకుల కాగితాలు వచ్చాయి. జంట గీత కోర్టువాళ్లు చెరిపేశారు. "కుదురుకున్నాక అమ్మని తీసుకెళ్తాను" అన్నాడు. కుదురుకోవడమంటే వాడికి ఏళ్లు పట్టింది. ఉంటావా అని ఈవిడ అడగలేదు, ఉంచుకుంటావా అని ఆవిడా అడగలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని టీ తాగారు. అంతే, కాపురం సాగిపోయింది. టీచరుకి కన్నవాళ్లు ఎప్పుడో పోయారు. ఇంటికొస్తే "వచ్చావా" అనే గొంతు ఈ లోకంలో ఆవిడదొక్కటే.

రాను రాను ముసలావిడకి చూపు మసకేసింది. కుట్టు మాత్రం మానలేదు. వేళ్లతో తడుముతూ కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. చేతకానిదల్లా సూదిలో దారం ఎక్కించడమే. అందుకని టీచరు పొద్దున్నే క్లాసుకి వెళ్లే ముందు సూదులన్నిటికీ దారాలు ఎక్కించి, ఒక చిన్న దిండుకి వరసగా గుచ్చిపెట్టేది. తెల్లదారాలు ఎడం వైపు, నల్లవి కుడి వైపు.

ఇక తాళం సంగతి. బయట తాళం వేసి ముసలావిడని బంధించిందని కూడా అంటున్నారు. తాళం వేసిన మాట నిజమే. లోపలి గడియ బిగుసుకుపోయింది, ఆవిడ వేళ్లకి రాదు. లోపల వేసుకుంటే తీయలేదు, వేసుకోకపోతే భయం. అందుకే బయట తాళం వేసి, తాళంచెవి నాకిచ్చి వెళ్లేది. బంధించిందీ అంటే జైలరుని నేనే. రోజుకెన్నిసార్లు ఆ తలుపు తీశానో నాకే లెక్క లేదు. కబుర్లకి కరువొచ్చినప్పుడల్లా తీశాను.

ఆ కబుర్లలోనే తెలిసింది, కొడుక్కి కూతురు పుట్టిందని. కొడుకు ఆదివారాలు ఫోను చేసేవాడు. టీచరు ఆ ఫోను ముసలావిడ చెవికి పెట్టి, తను వరండాలోకి వచ్చి కూర్చునేది. కొన్నాళ్లకి ఆ ఇంట్లో బుల్లి బుల్లి తెల్లగౌన్లు కనబడటం మొదలైంది. అరచేతిలో పట్టేంతవి.

"ఎవరికి వదినా ఇవి? కొత్త బేరమా?"

"బేరమే" అంది ముందు. నేను వదిలే రకమా? చివరికి చెప్పింది. "నాకింక చూపు రాదు. ఆ పిల్ల మొహం ఎలాగూ చూడలేను. ఒక్కసారి దాని తల నా చేత్తో తడిమితే చాలనిపిస్తుంది. దీనికి చెప్పకు వదినా. బాధపడుతుంది."

నేను చెప్పలేదు. కానీ తెల్లదారం ఎక్కించిన సూదులు ఎందుకు అంత తొందరగా అయిపోతున్నాయో, ఎక్కించేదానికి తెలియకుండా ఉంటుందా?

కొడుకు వచ్చాడు. దౌర్జన్యంగా ఏమీ రాలేదు, ఆ మాటా చెప్పాలి. మాసిన గడ్డం, నిద్ర చాలని కళ్లు. ఒకప్పుడు తనదే అయిన ఇంటి గుమ్మంలో, లోపలికి రావచ్చా అన్నట్టు నిలబడ్డాడు. నేను టీ గ్లాసుతో అక్కడే ఉన్నాను. లేచి రావడం మర్యాద. రాలేదు.

"అమ్మని తీసుకెళ్దామని" అన్నాడు టీచరుతో.

"ఆవిడని అడగండి."

"అడిగాను, ఫోన్లో. నిన్నడగమంది."

నేను అందుకున్నాను. "ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా నాయనా అమ్మ?"

"తప్పే పెద్దమ్మా. కాదనను. కానీ ఇంట్లో పసిది ఉంది. నాయనమ్మ బతికుండగా లేనట్టు పెరగాలా అది?" మళ్లీ టీచరు వైపు తిరిగాడు. "నువ్వు బాగా చూసుకున్నావు. కన్నకొడుకుని నేను చెయ్యనిది చేశావు. అయినా నలుగురూ అడుగుతున్నారు, మీ అమ్మ ఎవరింట్లో ఉందీ అని. ఏం చెప్పమంటావు? నువ్వు ఆవిడకి ఏమవుతావు?"

ఎన్ని వందల చిక్కుముళ్లు విప్పిన మనిషి! ఏం చెబుతుందా అని నేను ముందుకి వంగాను. టీచరు తన చేతులకున్న సుద్దపొడి చూసుకుంది.

"కాగితం ప్రకారం ఏమీ కాను" అంది.

అప్పటిదాకా మిషను దగ్గర కూర్చుని బట్ట అంచు తడుముకుంటున్న ముసలావిడ తలెత్తింది.

"అది వాడి ప్రశ్న. నాదొకటుంది. ఏమే, నేను నీకేమవుతాను?"

"అత్తయ్యా..."

"ఆ మాట కాదు. అది వాడి వైపు నుంచి వచ్చిన వరస. వాడు పోయినా నీ నోటికి అలవాటైపోయింది. నీ వైపు నుంచి చెప్పు. నేను నీకేమవుతాను?"

ముసలావిడ టీచరున్న వైపు చెవి పెట్టి కూర్చుంది. చూపున్నవాళ్లమైతే ఎదుటి మొహం చూసి సగం తెలుసుకుంటాం. ఆవిడకి మాటే కావాలి. ఆ మాట రాలేదు. నేను చెబుదామనుకున్నాను, నిజం. కానీ అది నేను చెప్పేది కాదు.

టీచరు లేచి అటక మీంచి సంచీ దింపింది. ముసలావిడ బట్టలు మడతపెట్టింది. గౌన్లు నలగకుండా పైన పెట్టింది. తర్వాత కిటికీ దగ్గర నిలబడి, ఉన్న సూదులన్నిటికీ తెల్లదారం ఎక్కించి, దిండుకి గుచ్చి, గౌన్ల పక్కన సర్దింది. ముసలావిడ ఆ చప్పుళ్లన్నీ విన్నది. అటక తలుపు, సంచీ జిప్పు, దారపు ఉండ బల్ల మీద దొర్లడం. అన్నీ విని "సరే" అంది.

వీధివాళ్లు చూసిన "విసిరేసిన సామాన్లు" ఏమిటంటే, కుట్టుమిషను. గేటులో ఇరుక్కుంటే కొడుకూ, బండివాడూ దాన్ని పక్కకి తిప్పి, బండిలో చోటు చేసేదాకా రోడ్డు మీద పెట్టారు. ముసలావిడ దాని మీద చెయ్యి వేసుకుని నిలబడి ఏడ్చింది. అది చూసి అల్లారు కథంతా. టీచరు బయటికి రాలేదన్నది నిజం, తలుపు వేసుకుందన్నదీ నిజం. గెంటేసిందన్నది అబద్ధం. ముసలావిడ కాలూ విరగలేదు, చెయ్యీ విరగలేదు. మొన్న నాకు ఫోన్ చేసింది. వెనక పసిదాని ఏడుపు, ఈవిడ జోకొట్టడం, రెండూ వినబడ్డాయి.

నాకు మాత్రం కోపం తగ్గలేదు. టీచరు మీదే. ఆ సాయంత్రం కూడా మెట్లెక్కి వెళ్లి పాఠం చెప్పింది. తాళంచెవి ఇవ్వబోతే "మీ దగ్గరే ఉండనివ్వండి" అంది. ఎంత గట్టి గుండె అనుకున్నాను. అనుకుని ఊరుకునే అలవాటు నాకు లేదు గనక, ఓ పొద్దున్న గోడ దాటి వెళ్లాను.

వరండాలో వెలుగుకి తిరిగి కూర్చుని ఉంది. చేతిలో సూది. దారం కొసని పెదాలతో తడిపి ఎక్కిస్తోంది.

"ఎవరికమ్మా అది?" అన్నాను.

తల దించి చూసుకుంది. అప్పుడు గాని తెలిసినట్టు లేదు తనేం చేస్తోందో. సూదిని అలాగే పట్టుకుని ఉండిపోయింది. నా కోపం సగం అక్కడే చచ్చింది. మిగిలిన సగంతో అడిగాను.

"ఆ రోజు ఆవిడ అంత నోరు తెరిచి అడిగిందే. ఊళ్లో వాళ్ల వరసలన్నీ తేలుస్తావు, ఒక్క మాట చెప్పలేకపోయావా? జవాబు తెలీకనా?"

"తెలుసు పెద్దమ్మగారూ."

"మరి?"

ఆ సూదిని తన చీర కొంగుకే గుచ్చుకుంది, జాగ్రత్తగా.

"అమ్మవి అంటే ఉండిపోయేది. అందుకే అనలేదు."